అడిగిన వాళ్లకి నారు

తాంబూలం పళ్ళెం హాల్లో టీవీ బల్ల మీద ఉంది. శేషారత్నం అత్తిలి నుంచి పొద్దుటి బస్సు దిగి వచ్చి, చేతిసంచి కింద పెట్టకుండానే దాన్ని చూసింది. తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, పైన మడత విప్పని పట్టు కండువా. ఇంట్లో ఏదైనా శుభకార్యం కుదిరితే పెట్టే పళ్ళెం అది. ఈ ఇంట్లో ఇప్పుడు శుభకార్యమేమీ లేదు.

"ఏంటండీ ఇది?"

వెంకట్రాజు ఇడ్లీ తుంచి చట్నీలో ముంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"రాత్రి తమ్ముడు తెచ్చాడు. పుచ్చుకున్నాను."

"దేనికని?"

"తెలిసీ అడుగుతావేం రత్నం? చెరువుకి."

కొల్లేటి చుట్టుపక్కల చెరువంటే చేపల చెరువే. ఆ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా ఆ మాట శేషారత్నం చెవిలోంచి లోపలికి దిగడానికి కాసేపు పట్టింది. చేతిసంచి కుర్చీలో పెట్టి, దాని పక్కనే నిలబడిపోయింది.

చుట్టుపక్కల రైతులంతా ఎప్పుడో సరేనన్నారు. నడిమధ్యన పొలమున్న వెంకట్రాజు ఒక్కడే ఒప్పుకోకుండా మిగిలాడు. మొత్తం ఒకే ముక్కగా ఉంటేనే లీజుకి తీసుకుంటానని కైకలూరు చేపల మేత దుకాణం హేమంత్‌కుమార్ గారు తెగేసి చెప్పారు. అందుకని దుర్గేష్ ఏడాదిగా అన్నగారి చుట్టూ తిరుగుతున్నాడు. వదినగారు ఇంట్లో ఉండగా తిరిగి లాభం లేదని అతనికి బాగా తెలుసు.

"నేను మా అక్కని చూడ్డానికి వెళ్ళిన పూటే దొరికిందన్నమాట మీ తమ్ముడికి."

"వాణ్ణి ఏమీ అనకు. పైరు పోయింది కాబట్టి తెచ్చాడు."

"పోయిందని ఎవరు చెప్పారండీ?"

"నా కళ్ళు చెప్పాయి." వెంకట్రాజు చెయ్యి ఇడ్లీల కంచంలోనే ఉండిపోయింది. "నిన్న సాయంత్రం పొలానికెళ్ళి, రోడ్డు పక్కనున్న మడి, ఆ రోడ్డు చెక్కలో దిగాను. వరి దుబ్బు పట్టుకుని లాగితే వేర్లతో రాలేదు, నానిపోయిన పేలికలాగా చేతికొచ్చింది. మధ్యనున్న మొవ్వు నొక్కితే జారిపోయింది. ఒకటే కుళ్ళు కంపు. అది మన పొలం మొత్తానికీ మెరక చెక్క, రత్నం. అన్నిటికంటే ముందు నీళ్ళు తీసింది అక్కడే. మెరకే పోయాక పల్లం బతుకుతుందా?"

వ్యవసాయం చేసినవాడెవడైనా ఆ మాటే అంటాడు. కొల్లేరు పొంగి, ఆ నీళ్ళు బయటికి పోవాల్సిన ఉప్పుటేరు వాటిని తీసుకోక, వారం పైగా ఆ పొలాలు సముద్రంలా కనిపించాయి. పల్లపు చెక్కల్లో నిన్నటిదాకా నీళ్ళు నిలిచే ఉన్నాయి.

కానీ ఆ విత్తనం శేషారత్నం తెప్పించింది. మునక తట్టుకునే వరి. కిందటి వరదకి ఊరంతా గింజ లేకుండా పోయాక, ఆకివీడులో రైతుల మీటింగుకి వెళ్ళి దాని సంగతి విన్నది ఆవిడే. నీళ్ళ కింద ఆ మొక్క పెరగడం మానేసి, ఉన్న సత్తువంతా మొవ్వులో దాచుకుంటుందని, పైన ఆకు కుళ్ళినా నీళ్ళు తీశాక మళ్ళీ చిగురేస్తుందని చెప్పారు. వెంకట్రాజు అప్పుడు నవ్వాడు. "అయితే అది వరి కాదు, తాబేలు" అన్నాడు. అన్నా, భార్య మాట కాదనలేక పొలమంతా అదే వెయ్యనిచ్చాడు.

"నీళ్ళు తీశాక వారమన్నా ఆగి చూడమన్నారండి."

"ఆగితే? కుళ్ళింది పచ్చబడుతుందా?"

"చెరువు తవ్వే మిషను ఎప్పుడొస్తుంది?"

"మధ్యాహ్నానికి. డ్రైవరు బాజీ, పొక్లెయిన్ ఆకివీడు దాటిందని ఇందాకే ఫోను చేశాడు."

శేషారత్నం వంటింటి గుమ్మంలోకి వెళ్ళి ఆగింది. గుమ్మం పక్కనే బియ్యం డబ్బా ఉంది. తన అత్తగారి కాలం నుంచీ ఆ డబ్బాలోకి బయటి బియ్యం పొయ్యలేదు.

"రేపట్నుంచి మనం కూడా కొనుక్కుని తింటామాండీ?"

"ఊరంతా కొనుక్కునే తింటోంది."

"ఎక్కడో ఎవరో పండిస్తున్నారు కాబట్టి కొనుక్కుంటోంది. వాళ్ళూ తవ్వేసుకుంటే?"

వెంకట్రాజు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఇడ్లీలు అలాగే ఉన్నాయి. గొడవల్లో గొంతు పెంచే అలవాటు ఆ మనిషికి లేదు. లేచి వెళ్ళిపోతాడు, అంతే. పాతికేళ్ళుగా శేషారత్నానికి ఒళ్ళు మండేది ఆ అలవాటు దగ్గరే.

* * *

శేషారత్నం పెరట్లో ముఖం కడుక్కుంటుంటే గోడ అవతల నుంచి గాజుల చప్పుడైంది. తోడికోడలు శ్రీదుర్గ. అన్నదమ్ముల ఇళ్ళ మధ్య ఉన్నది ఆ పిట్టగోడే, దానికో చిన్న గేటు. కరివేపాకు కోసమనో పాలతోడు కోసమనో రోజుకి నాలుగుసార్లు ఆ గేటు చప్పుడవుతుంది. ఇవాళ మాత్రం శ్రీదుర్గ గేటు తియ్యకుండా అవతలే నిలబడింది.

"అక్కా, బావగారు ఉన్నారాండీ?"

"వీధి అరుగు మీద ఉన్నారు. ఏం కావాలి?"

"ఏమీ వద్దండి." ఆ పిల్ల ముఖం చూస్తే రాత్రంతా నిద్ర లేనట్టుంది. "ఊడ్పులప్పుడు మాకు నారిచ్చారు, గుర్తుందాండీ?"

శేషారత్నానికి కోపం వచ్చింది. ఇల్లు మునిగిపోతుంటే నారు కబుర్లేమిటి అనుకుంది. "ఇచ్చానమ్మా. ఇప్పుడు దాన్ని తిరిగిస్తావా ఏంటి?"

అంటే అంది గానీ, ఆ మాట అనకూడదు. నారు విషయంలో ఆ ఊరికో పద్ధతుంది. ఎవరి నారుమడి పోయినా ఎవరి గుమ్మంలోనైనా అడగొచ్చు. అడిగిన వాళ్ళకి లేదనకూడదు, ఇచ్చినదానికి వెల కట్టకూడదు, తిరిగి అడగకూడదు. ఆడవాళ్ళ మధ్యే జరిగిపోయే వ్యవహారం అది. మగవాళ్ళకి చెప్పాల్సినంత సంగతని ఎవరూ అనుకోరు.

వానలకి శ్రీదుర్గ వాళ్ళ నారుమడి పసుపెక్కి పోయింది. వచ్చి అడిగింది. శేషారత్నం ముందూ వెనకా చూడకుండా కట్టలు కట్టలు మోయించింది. తీరా నాట్ల చివరి రోజు సొంత పొలానికే నారు చాలలేదు. ఊడ్చే ఆడవాళ్ళు బురదలో నిలబడి ఎదురుచూస్తుంటే, వెనక వీధి మణెమ్మ తన మడిలో మిగిలిన నారు పంపించింది. అందరూ ఎప్పటినుంచో వేసే పాత రకం. దాంతోనే ఆ చివరి చెక్క నిండింది. వెంకట్రాజు ఆ వారమంతా కంటి ఆపరేషనుకని ఏలూరు ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగొచ్చాక పొలమంతా ఒకే పచ్చగా కనిపించింది. చెప్పాలని శేషారత్నానికీ తోచలేదు.

శేషారత్నం చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

చివరి రోజు ఊడ్చింది రోడ్డు చెక్క.

"శ్రీదుర్గా, మా రోడ్డు చెక్క మణెమ్మ నారు. ఆయన చూసొచ్చింది మణెమ్మ నారు."

"అవునక్కా." శ్రీదుర్గ గొంతు తగ్గించింది. "మా కాలవ చెక్కది మీ నారు. మాకు నిన్న పొద్దున్నే కనపడిందండి. ఆకంతా కుళ్ళి బురదకి అతుక్కుపోయింది గానీ, మధ్యలోంచి సూదుల్లాగా లేస్తోంది. పచ్చగా. చెక్కంతా అలాగే ఉంది."

శేషారత్నానికి మొదట సంతోషం వేసింది. ఆ వెంటనే ఇంకో మాట తట్టింది.

"మాకు కనపడిందీ అంటున్నావు. ఎవరెవరికి?"

శ్రీదుర్గ గేటు మీది తుప్పు గోటితో గీకుతూ నిలబడింది.

"మా ఆయన కూడా చూశారండి. చూసి, చాలాసేపు గట్టు మీద కూర్చున్నారు. ఇంటికొచ్చాక తాంబూలం పళ్ళెం సర్దమన్నారు."

పక్క వీధిలో చేపల లారీ ఒకటి నీళ్ళు కారుస్తూ వెళ్ళింది.

"నా పేరు రానివ్వకండి అక్కా. ఆయన చెడ్డమనిషి కాదు. ప్రతి ఏడూ ఆకాశం కేసి చూసి చూసి విసిగిపోయారు. ఈ చెరువు కుదరకపోతే ఏమైపోతారోనని నాకు భయంగా ఉంది. నేనే చెప్పానని తెలిస్తే మళ్ళీ నా ముఖం చూడరు."

"మరి ఎందుకు చెప్పావు?"

"ఉండలేకపోయానండి. నారు మీరిచ్చారు."

* * *

వెంకట్రాజు అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చున్నాడు. శేషారత్నం చెప్పిందంతా పేపరు దించకుండానే విన్నాడు. రోడ్డు చెక్కకి మణెమ్మ నారు ఎలా వచ్చిందో, తమ నారు మరిదిగారి కాలవ చెక్కకి ఎలా వెళ్ళిందో, అన్నీ చెప్పింది. గేటు దగ్గర విన్నది మాత్రం చెప్పలేదు.

"పదండి. ఓసారి పల్లపు చెక్కలో దిగి చూద్దాం."

"నేను రాను."

"ఎందుకని?"

పేపరు దిగింది. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆపరేషనైన కన్నొక్కటే కాదు, రెండూ.

"బతికుందనుకో. నేను చూశాననుకో. అప్పుడు వాడికిచ్చిన మాట ఏం చెయ్యను?"

"పోయిందనే కదండీ మాటిచ్చారు."

"ఇచ్చేటప్పుడు షరతు పెట్టలేదు. పళ్ళెం పుచ్చుకున్నాను. అమ్మ పోయేటప్పుడు వాణ్ణి నా చేతిలో పెట్టింది. వాడు నన్ను అడిగింది ఇదొక్కటే, రత్నం. చూడకుండా ఉంటే మాట మీద నిలబడగలను. చూస్తే నిలబడలేను."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం. మంచితనం కొందరిలో గుమ్మానికి అడ్డంగా పెట్టిన మంచంలా ఉంటుంది. పక్కకి జరపడానికి లేదు, దాటి వెళ్ళడానికీ లేదు.

"చెరువు తవ్వాక మళ్ళీ వరికి రాదండి ఆ నేల. మట్టి గట్టుకి పోతుంది, ఉప్పెక్కుతుంది. మన ఒక్కళ్ళకే కాదు. మళ్ళీ వరదొస్తే ఈ ఊళ్ళో నారడగడానికి ఒక్క గుమ్మం కూడా ఉండదు."

వెంకట్రాజు ఆవిడ ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"ఊడ్పులై ఇన్నాళ్ళైంది. ఈ నారు సంగతి ఇవాళే ఎలా గుర్తొచ్చింది నీకు?"

శ్రీదుర్గ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క పేరు చెబితే చాలు. తమ్ముడు చూసి కూడా దాచాడని తెలిస్తే ఈ మనిషి మాట గీట అన్నీ పక్కన పెట్టి లేస్తాడు. లేస్తాడు, గోడవతల ఆ పిల్ల కాపురం కూలుతుంది.

"నాకే గుర్తొచ్చింది" అంది.

పాతికేళ్ళ కాపురంలో శేషారత్నానికి అబద్ధం ఆడటం రాలేదు. ఆ సంగతి వెంకట్రాజుకి తెలుసు. ఆయన మళ్ళీ పేపరు ఎత్తాడు. ఎత్తాడు గానీ అది తలకిందులుగా ఉంది.

శేషారత్నం చీరకొంగు నడుముకి దోపుకుని ఒక్కతే బయల్దేరింది.

* * *

తను వెళ్ళేసరికి రోడ్డు మీద ట్రైలరు ఆగి ఉంది. పసుపురంగు పొక్లెయిన్‌ని కిందికి దించి, బాజీ ఇంజను ఆడిస్తున్నాడు. దుర్గేష్ మోటారు సైకిల్‌కి ఆనుకుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. వదినని చూడగానే ఫోను జేబులో పెట్టుకున్నాడు.

శేషారత్నం అతన్ని దాటుకుని, చెప్పులు గట్టు మీద వదిలి, పల్లపు చెక్కలోకి దిగింది. మోకాలి కిందదాకా బురద. పైకి చూస్తే అంతా గోధుమరంగు, కుళ్ళు, నాచు. రోడ్డు చెక్కకీ దీనికీ ఏమీ తేడా లేదు. మీటింగులో చెప్పిన మాట నమ్మి ఇంటిల్లిపాదినీ ముంచానేమో అని ఇన్నాళ్ళలో మొదటిసారి అనుకుంది.

వంగి ఒక దుబ్బు మీది కుళ్ళిన ఆకుల్ని వేళ్ళతో పక్కకి తీసింది. లాగలేదు. లాగితే వేరు కదులుతుంది. ఆకుల కింద మొవ్వు గట్టిగా, తెల్లగా ఉంది. దాని మధ్యలోంచి గోరంత చిగురు. పక్క దుబ్బు చూసింది. అక్కడా ఉంది. ఆ పక్కదీ. ఏడుపొచ్చింది. చేతులనిండా బురద కాబట్టి తుడుచుకోలేక, అలాగే ఏడ్చింది.

"వదినా, పైకి రండి. మిషను దిగాలి" అన్నాడు దుర్గేష్ గట్టు మీంచి.

"బతికే ఉంది దుర్గేష్."

"ఏదో ఒకటీ అరా లేస్తాయండి. వాటితో పంట రాదు." అతని గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "ఈసారి లేచిందే అనుకోండి. పైయేడు ఇంకో వారం ఎక్కువ నిలుస్తుంది నీరు. అప్పుడు? నాన్న ఇలా చూస్తూనే పోయారు. అన్నయ్య కళ్ళు పాడుచేసుకున్నారు. నావల్ల కాదు వదినా. చేపకి నీళ్ళంటే భయం లేదు. నాకు కావలసింది అంతే."

అతను అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. శేషారత్నం ఒప్పుకుంది, మనసులో. తనకీ ఆకాశం చూస్తే భయమే.

"మీ కాలవ చెక్క ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

దుర్గేష్ కాలవ వైపు చూడలేదు.

"పోయిందండి. అన్నీ పోయాయి."

"అయితే ముందు అందులోనే దించమను."

ఆ మాటన్నది శేషారత్నం కాదు. వెంకట్రాజు. ఎప్పుడొచ్చాడో, రోడ్డు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళకి ఆసుపత్రివాళ్ళిచ్చిన నల్లద్దాలు. పొలం వైపు చూడకుండా తమ్ముణ్ణే చూస్తున్నాడు.

"అదేంటన్నయ్యా. రోడ్డు వైపు నుంచైతే మిషనుకి సులువు."

"పోయిన చెక్కే కదా. ఎక్కడ మొదలెడితే ఏం? అక్కడ మొదటి బొచ్చె మట్టి తియ్యమను. ఆ తర్వాత నా పొలంలోకి రమ్మను. గట్టు మీద నేనే నిలబడి చూస్తాను."

బాజీ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, ఎటు తిప్పమంటారండీ అని అడిగాడు. ఎవరూ చెప్పలేదు.

అప్పుడు కాలవ గట్టు మీద మనిషి కనపడింది. చీర కుచ్చిళ్ళు బురదలో తడిసి, కొంగు తలమీంచి జారిపోయి, రెండు చేతుల్లో ఏదో జాగ్రత్తగా పట్టుకుని వస్తోంది శ్రీదుర్గ. బావగారు ఉన్నచోటికి ఆ పిల్ల అలా రావడం ఎవరూ ఎరగరు. దగ్గరికొచ్చాక తెలిసింది. అడుగున మట్టితో సహా తవ్వి తీసిన దుబ్బు. కుళ్ళిన ఆకులన్నీ ఏరేసింది. వాటి మధ్య నాలుగు పచ్చటి చిగుళ్ళు.

ఆ ఊళ్ళో ఇచ్చిన నారు ఎవరూ తిరిగి తెచ్చివ్వలేదు ఇన్నేళ్ళలో.

"అక్కా" అంది. "మీ నారు."

శేషారత్నం బురదచేతులు చాచి అందుకుంది. దుర్గేష్ భార్య ముఖంలోకి చూశాడు. ఆ చూపు చూసి శేషారత్నం దుబ్బుతో సహా శ్రీదుర్గకి దగ్గరగా జరిగింది.

వెంకట్రాజు నల్లద్దాలు తీశాడు. ఆ దుబ్బుని చాలాసేపు చూశాడు. వంగి, చూపుడువేలితో మొవ్వుని మెల్లగా నొక్కాడు. అది జారిపోలేదు.

"నువ్వు దీన్ని ఎప్పుడు చూశావురా?"

దుర్గేష్ తలొంచుకున్నాడు.

"పళ్ళెం తెచ్చే ముందా, తర్వాతా?"

పొక్లెయిన్ ఇంజను ఆడుతూనే ఉంది. వెంకట్రాజు కాసేపు ఎదురుచూసి, మరదలి వైపు తిరిగాడు. ఆ పిల్ల కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆయన నేరుగా ఆమెని ఒక్క మాట అడిగింది లేదు. ఏదైనా కావాలంటే శేషారత్నానికే చెప్పేవాడు.

"నువ్వు చెప్పమ్మా" అన్నాడు.

శ్రీదుర్గ భర్త వంక చూడకుండా, శేషారత్నం చేతుల్లోని నారు వంకే చూస్తూ నోరు తెరిచింది.